నా పెళ్ళి బట్టలు

యుద్ధం సాగుతున్న రోజుల్లో నాకు పెళ్ళి కుదిరింది. అమ్మానాన్నలు నాకు ఊహ తెలియక ముందే పోయారు. పిడుగురాళ్ల పక్కన మా ఊళ్ళో నన్ను పెంచింది పెద్దమ్మ, మా నాన్న అన్నగారి భార్య. పెదనాన్న పోయి అప్పటికే చాలా కాలమైంది. ఆమెకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో మేమిద్దరమే.

పీటల మీద కట్టే మధుపర్కాలు ఆడపిల్లవాళ్ళు పెడతారు. ఊళ్ళోంచి తరలివెళ్ళేటప్పుడు కట్టుకునే బట్టలు మాత్రం మేమే కొనుక్కోవాలి. గుడ్డ కంట్రోలులో ఉంది, ఎక్కడా సరిగా దొరకడం లేదు. నరసరావుపేట వెళ్ళి చూద్దాం రమ్మన్నాను. పెద్దమ్మ జొన్నలు చెరుగుతూ తలెత్తలేదు.

"నేనేంది, పెళ్ళి గుడ్డలేంది. మొగుడు పోయినదాన్ని. నా చెయ్యి వాటి మీద పడకూడదురా. నువ్వే పోయి తెచ్చుకో."

బస్సెక్కి ఒక్కడినే వెళ్ళాను. కొట్టులో నాకంటే ముందే ఎవరో పెళ్ళివారు కూర్చుని ఉన్నారు. తల్లి కాబోలు, పెళ్ళికొడుకు భుజం మీద కండువా వేసి చూస్తోంది. పక్కనున్న ఆడవాళ్ళు అతన్ని ఏదో అని నవ్వుతున్నారు. వాళ్ళు వెళ్ళాక కొట్టు యజమాని నన్ను పిలిచాడు.

"పెళ్ళి గుడ్డలంటున్నావు, పెద్దవాళ్ళెవరూ రాలేదా అబ్బాయ్?"

"బస్సు దగ్గర ఉన్నారు" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

"అయితే పిలుచుకురా. చానా సేపు పట్టుద్ది, వాళ్ళు కూడా చూసుకుంటారు."

బయటికి వచ్చాను. బస్సు ఆగిన వైపు కొంతదూరం నడిచి, ఒక గోడ నీడన నిలబడ్డాను. కాసేపటికి తిరిగి వెళ్ళి, "నా ఇష్టమేనన్నారు" అని చెప్పాను. ఆయన సరేనని లేచాడు. ఎర్రంచు పంచె, కండువా, తలపాగా గుడ్డ నా ముందు పరిచాడు. బాగున్నాయో లేదో చెప్పేవాళ్ళు లేక, పరిచినవే తీసుకున్నాను.

ఇంటికొచ్చి మూట మంచం మీద విప్పాను. పెద్దమ్మ చేతులు కొంగులో చుట్టుకుని, కొంచెం దూరంగా నిలబడి వంగి చూసింది.

"నేత మంచిదేరా. పసుపు తడిపి మూలలకు పెట్టు."

నా పెళ్ళి పంచెకు నేనే పసుపు పెట్టుకున్నాను.

తరలివెళ్ళే రోజు పొద్దున బండి వాకిట్లోకి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు నలుగురు తోడు వస్తామని అరుగు మీద కూర్చున్నారు. నేను లోపల పంచె కట్టుకుంటుంటే, పెద్దమ్మ వంటింటి తలుపు వెనక నుంచి చెబుతోంది.

"కుచ్చిళ్ళు సమంగా రాలేదు. విప్పి మళ్ళీ కట్టు."

మళ్ళీ కట్టాను. తలపాగా మాత్రం ఎంత చుట్టినా జారిపోతోంది.

"కొస చెవి పైన పెట్టి బిగించరా. మీ నాయనకు మా అత్త అట్టాగే చుట్టింది."

"నువ్వు చుట్టు పెద్దమ్మా. ఇక్కడ ఎవరు చూస్తారు?"

ఆమె తలుపు దాటి ఇవతలికి రాలేదు. తలుపు పట్టుకున్న వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"రేపు ఆ పిల్లకేమన్నా అయితే నేను తట్టుకోలేనురా. నువ్వే చుట్టుకో."

ఎలాగో చుట్టుకున్నాను. వంగి దణ్ణం పెడదామంటే ఆమె అప్పటికే లోపలికి వెళ్ళింది. నేను గడప దాటేటప్పుడు ఎదురు రాకూడదని వంటింటి తలుపు మూసుకుంది.

విడిది ఇంట్లో ఆడపిల్లవాళ్ళు పానకం తెచ్చారు. వాళ్ళలో ఒక ముసలామె మా వాళ్ళందరినీ చూసి, "మీ ఆడవాళ్ళేరయ్యా?" అని అడిగింది. రాలేదన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. చేతిలో గ్లాసు కింద పెట్టి, నా తలపాగా విప్పి మళ్ళీ చుట్టింది. ఆమె ఎవరో, ఏ వరసో నాకప్పుడు తెలియదు. తలవంచుకుని కూర్చున్నాను. ఆమె చేతులకు గంధం వాసన వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే, పొగ పడిందన్నాను.

పెళ్ళయ్యాక నా భార్యను తీసుకుని ఊరికి వచ్చాను. కాళ్ళకు నీళ్ళిచ్చి పెద్దమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. పందిరి ఎంత వేశారు, ఏం వండారు, మేళం ఎక్కడిది అని అడిగింది. తలంబ్రాలప్పుడు నేను నవ్వానా అని కూడా అడిగింది. కొత్తకోడలు సిగ్గుపడుతూ చెబుతుంటే, తను చూడని ఆ పెళ్ళిని పొద్దువాలే దాకా అలాగే కూర్చుని విన్నది.