పెన్ను మూసాక చూసిన నడక

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు సెప్టెంబరులో నన్ను కెనడాలో, టొరంటో నగరంలోని స్కార్‌బరోలో ఒక పునరావాస ఆసుపత్రిలో, వృద్ధుల వార్డుకు సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. అప్పుడు ఇక్కడి కాలేజీల నిండా మన పిల్లలే. మా వార్డుకు శిక్షణకు వచ్చిన కరీంనగర్ అమ్మాయి మౌనిక వాళ్లలో ఒకతె.

పేషెంట్లలో తొంభై దాటిన ఒకావిడ ఒకప్పటి హాలీవుడ్ సంగీత చిత్రాల నటి, నర్తకి. పదహారో ఏట స్టూడియోతో ఒప్పందం, పొద్దస్తమానం సాధన, తెర మీద నాయిక తర్వాతి పేరు. ఆ సినిమాలకు కాలం చెల్లాక టొరంటో వచ్చి డాన్స్ స్కూలు నడిపింది. తుంటి విరిగి మా దగ్గరికి చేరింది. నార్త్ యార్క్‌లోని తన అపార్ట్‌మెంట్‌కు వెళ్లి ఒంటరిగానే ఉంటానని ఆమె పట్టు. ఇంటికా, కేర్ హోమ్‌కా అన్నది నా నివేదికను బట్టి తేలాలి.

బ్యాలెన్స్ టెస్ట్ అంటే లేచి నిలబడటం, వెనక్కి తిరగడం, ఒక పాదం ముందు ఇంకొకటి పెట్టి ఆగడం. ప్రతిదానికీ మార్కులుంటాయి. ఆమెకు దాదాపు అన్నీ వచ్చాయి. మౌనిక రోజూ రాసే నోట్స్‌లో మాత్రం ‘ఒంటరిగా నడవలేరు’ అని ఉంది. మేమిద్దరం చూసింది ఒక్క మనిషినేనా అని నాకు బుర్ర తిరిగిపోయింది.

“మీ ముందైతే మంచిగనే నడుస్తరు మేడమ్. మీరు పోంగనే గోడ పట్టుకుంటరు” అంది మౌనిక.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నోట్స్ రాయడం నేర్చుకోమని కసిరాను. అయినా అనుమానం తీరక మళ్లీ టెస్ట్ చేశాను. మళ్లీ అవే మార్కులు. అయిపోయిందని చెప్పి, పెన్ను మూసి బయటికి నడిచి, మరచిపోయిన ఫైలు కోసం వెనక్కి వచ్చాను. ఆమె ముఖంలో నవ్వు లేదు. మోకాళ్లు వణుకుతుంటే రెండు చేతులతో మంచం కమ్మీ పట్టుకుని ఉంది.

అడిగితే దాచలేదు. పాదాలు నెత్తురోడినా సరే, కెమెరా ఆగేదాకా నవ్వు ఆగకూడదని స్టూడియోలో నేర్పారట. నా పెన్నే ఆమెకు కెమెరా. బాగా చేశానా అని అడిగింది. బాగానే చేసింది మరి!

ఒంటరిగా పంపవద్దని రాశాను. మౌనికకు క్షమాపణ చెప్పాను. ఓక్‌విల్‌లోని కేర్ హోమ్‌కు వెళ్లే రోజున ఆ నటి వీల్‌చెయిర్‌లోంచి నన్ను చూసి హాయిగా నవ్వింది. నన్ను క్షమించిందనే అనుకున్నాను. తర్వాత చూసుకుంటే నా చేతిలో పెన్ను ఉంది. అది ఏ నవ్వో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రిటైరయ్యేదాకా ప్రతి టెస్ట్ తర్వాత పెన్ను జేబులో పెట్టుకుని ఐదు నిమిషాలు గదిలోనే కూర్చునేదాన్ని. నివేదికలో రాయవలసింది చాలాసార్లు అప్పుడే కనిపించేది.