అద్దానికి ఆనించిన చెయ్యి

మా వియ్యంకుడు బతికున్నన్నాళ్లూ ఆదివారమైతే కాడుగోడిలో మెట్రో ఎక్కేవాడు. ఎక్కడికో పోవడానికి కాదు, ఊరికే ఊరు చూడటానికి. మెజెస్టిక్‌లో బండి మారి, ఫ్యాక్టరీలుండే పీణ్య దాటి చివరిదాకా పోయి, అట్లే తిరిగొచ్చేవాడు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, బోర్డులు చదివే సరదాకొద్దీ నేనూ వెంట పోయేవాణ్ణి.

ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. నలుగురిలో ఆ చేతిని తువ్వాలు కింద దాచేవాడు. పీణ్య వస్తూనే మాత్రం లేచి, దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, కింద ఒక రేకుల షెడ్డు కోసం చూసేవాడు. ముప్పై ఏళ్లు అందులోనే ఇనుప పలకలు వొత్తే ప్రెస్ మిషన్ నడిపాడు.

"ఏటా ఆయుధపూజకు దానికి బొట్టు పెట్టినా బావా. అయినా కొరికింది."

"కొరికినదాన్ని చూసేదానికి వారం వారం పోవాల్నా? నీకు బుద్ధి లేదు."

"నా వేళ్లు ఆడే ఉండాయి. చూసి రావద్దా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఒక ఆదివారం చూస్తే షెడ్డు లేదు. నేల చదును చేసి, పెద్ద బోర్డు నిలబెట్టారు.

"ఏమి రాసుండారు? చదువు బావా" అన్నాడు, చెయ్యి తీయకుండానే.

బండి కదిలేలోపు కూడబలుక్కుని చదివాను. "ఇండ్లు కడతారంట."

ఆయన చెయ్యి దించి కూర్చున్నాడు. తిరుగు బండిలో ఆ చోటు మళ్లీ వచ్చినా లేవలేదు.

"మంచిదేలే. ఇంక ఆడ ఎవురి వేళ్లూ పోవు" అన్నాడు.

తువ్వాలు భుజం మీదే ఉంది. ఆ చేతిని మోకాలి మీద బయటే పెట్టుకుని కాడుగోడి దాకా వచ్చాడు.