వరిలా పెరిగిన ఊద

2013 నవంబరులో నన్ను విజయనగరం నుంచి మార్చి, శ్రీకాకుళం జిల్లాలో తిరిగే సంచార విజ్ఞాన ప్రదర్శన బండి మీద వేశారు. హోదా: ప్రదర్శన సహాయకుడు, రెండో తరగతి. బండి ఆగగానే జనరేటరు దించాలి, గుంజలు పాతి పందిరి వెయ్యాలి, చార్టులు వరసలో కట్టాలి, జనం వచ్చాక అద్దాల పెట్టెల మీద ఎవరూ చేతులు ఆనించకుండా చూడాలి. ముప్పై ఏళ్ళు దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి నేను. అంతకు ముందు అదే శాఖలో లారీలకు సామాను ఎత్తాను. అందుకని నేను చార్టులు తలకిందుల వరసలో కడతానేమో అని పైవాళ్ళకు ఎప్పుడూ ఒక అనుమానం. ఎన్నడూ కట్టలేదు. మెల్లగా చదివేవాడు తప్పు వరస కట్టడు. వేగంగా చదివేవాళ్ళే కడతారు.

ఆ ఏడాది విషయం పరిణామ సిద్ధాంతం. కోతి నుంచి మనిషి వచ్చాడా లేదా అన్న రచ్చ కాదు. ఆ ఆలోచన ఎవరి బుర్రలో ఎలా మొదలై, ఎన్ని చేతులు మారి నిలబడిందో చెప్పే చార్టులు. మొదటి చార్టు పాత నమ్మకం: ఏ జీవి ఎలా పుట్టిందో అలాగే ఉంటుంది. రెండోది ఒక ఫ్రెంచి పండితుడిది. జిరాఫీ మెడ చాచి చాచి పొడుగైంది, ఆ పొడుగే పిల్లలకు వచ్చింది అన్నాడాయన. తర్వాత ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు. ఒకాయన కలిగినవాడు. ఓడెక్కి లోకం చుట్టి వచ్చి, పావురాలు పెంచేవాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళు ఏ జతను ఏరి ఏ రకం తీస్తున్నారో చూశాడు. మనిషి ఏరితేనే ఇన్ని రకాలు వస్తుంటే, మనిషి లేనిచోట బతుకు పోటీయే ఆ పని చేస్తుందని పట్టుకున్నాడు. పట్టుకుని, ఏళ్ళ తరబడి సొరుగులో దాచాడు. రెండో ఆయన లేనివాడు. తూర్పు దీవుల్లో పిట్టల్ని, పురుగుల్ని పట్టి అమ్ముకుని బతికేవాడు. మలేరియా జ్వరంలో మంచాన పడి ఉండగా ఆయనకూ అదే తట్టింది. రాసి మొదటి ఆయనకే పంపాడు. ఇద్దరి రాతలూ ఒకే సభలో చదివారు. లక్షణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా దిగుతాయో ఇద్దరికీ సరిగా తెలియదు. అది బఠాణీలు పెంచిన ఒక సన్యాసి చెప్పాల్సి వచ్చింది. ఆయన బతికుండగా ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. పేర్లన్నీ చార్టుల మీద ఉండేవి. నాకు నోరు తిరగదు, రాయను.

ఇవన్నీ జనానికి చెప్పే మనిషిని మా శాఖలో ఎక్స్‌ప్లెయినర్ అంటారు. మా బండి ఎక్స్‌ప్లెయినర్ గౌరి. వృక్షశాస్త్రం చదివింది. రాజాం పక్క పల్లె. వాళ్ళమ్మ కూలికి కలుపు తీసి చదివించింది. ఈమె కూడా సెలవుల్లో అమ్మతో చేలోకి దిగిన పిల్లే. ఉద్యోగం ఏడాది ఒప్పందం మీద. ఆ నెలాఖరుతో గడువు అయిపోతుంది. పొడిగించాలంటే పైనుంచి పరిశీలన అధికారి వచ్చి ఒక ప్రదర్శన కళ్ళారా చూసి, బాగుంది అని రాయాలి. వాళ్ళమ్మకు మోకాళ్ళు పోయాయి, ఇంక చేలో వంగలేదు. ఇంటికి వచ్చే జీతం గౌరిది ఒక్కటే.

అధికారి వచ్చిన రోజు బండి రాజాం దాటి ఒక ఊళ్ళో బడి ఆవరణలో నిలిపాం. చేలు పండుతున్నాయి. కోతకు ముందు ఆ పక్క ఇళ్ళలో ఒక పని ఉంటుంది. ఇంటి పెద్దామె చేలోకి ఒక్కతే దిగి, గింజ బాగా పట్టిన వెన్నుల్ని చూసి చూసి ఏరి, కట్ట కట్టి చూరుకు వేలాడదీస్తుంది. వచ్చే ఏటి విత్తనం అదే. సగం మంది కొట్లో కొనే సంచి విత్తనానికి మళ్ళినా, ఆ ఊళ్ళో ముసలివాళ్ళు వదల్లేదు. ఆ సాయంత్రం వచ్చిన ఆడవాళ్ళలో కొందరు ఆ పని మీద నుంచే నేరుగా వచ్చారు.

గౌరికి ఆ సంగతి తెలుసు కాబట్టి పావురాలు పక్కన పెట్టి విత్తనం ఎత్తుకుంది.

"మీరు మంచి వెన్ను ఏరతారు, తాలు వదిలేస్తారు. అలా ఏళ్ళ తరబడి చేస్తే పంట మారుతుందా లేదా?"

"మారకేటి! మా అత్త ఏరిన ఇత్తనం ఊరంతా అడిగి పట్టుకెళ్ళీవోరు" అంది నరసమ్మ అనే ముసలామె. ఊరి ఆడకూలీల ముఠాకు మేస్త్రి ఆమె. కలుపుకు ఎవరు రావాలో, ఏ చేలో దిగాలో ఆమె మాటే.

"ప్రకృతిలోనూ అలాగే ఏరిక జరుగుతుంది" అంది గౌరి.

అంతే, పందిరి మొత్తం తలలూపింది. "అదే గదా మేం సెప్పీది!" అన్నాడు సింహాచలం అనే రైతు. "పైన అమ్మోరు ఏరతాది, కింద మా ఆడోళ్ళు ఏరతారు. దీనికి ఇంత బండేల, జనరేటరేల?" నవ్వులు, చప్పట్లు. అధికారి కూడా చప్పట్లు కొట్టాడు. ఫోటో తీయించాడు. జనం కదిలి బఠాణీల చార్టు వైపు నడిచారు.

గౌరి కదల్లేదు. నా దగ్గరకు వచ్చి, "బాబాయ్, వీళ్ళు ఒప్పుకున్నది నేను చెప్పింది కాదు" అంది.

"ఒప్పుకున్నారు కదా. ఆయన సంతకం పెట్టీదాకా నోరు మూసుకో" అన్నాను. నిజంగానే అలా అన్నాను, ఇప్పుడైనా అదే అంటాను.

ఆమెకు కాళ్ళు నిలవలేదు. రెండు చార్టుల మధ్య అటూ ఇటూ తిరిగింది. చున్నీ కొంగు వేలికి చుట్టి విప్పింది. తర్వాత రెండో ఇంగ్లీషాయన చార్టు ముందు ఆగింది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. పొద్దు చాలక మేం ఎప్పుడూ వదిలేసే మాట. ఆ రెండో ఆయన కొన్నాళ్ళకు మొదటి ఆయనకు ఉత్తరం రాశాడట: మీరు పెట్టిన 'ఏరిక' అన్న మాట జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది, ఏరేవాడు ఎవరో కూర్చుని ఉన్నాడని అనుకుంటున్నారు, మార్చండి అని. అంటే ఆ దేశంలో చదువుకున్నవాళ్ళూ సింహాచలం పడిన చోటే పడ్డారు.

గౌరి గొంతు ఎత్తి జనాన్ని వెనక్కి పిలిచింది. అధికారి చేతి గడియారం చూసుకున్నాడు.

"అమ్మవారి మాట నేను ఎత్తడం లేదు. కానీ నేను చెప్పేదాంట్లో ఏరేవాళ్ళు ఉండరు. అది నేను సరిగా చెప్పలేదు" అంది.

"ఏరీవోడు నేకుండా ఏరీడం ఏటి పిల్లా? వండీవోళ్ళు నేకుండా కూడు ఉడుకుతాదేటి?" అన్నాడు సింహాచలం. మళ్ళీ నవ్వులు. ఈసారి నవ్వు ఆమె మీద.

"నరసమ్మత్తా, నాట్లేసిన కొత్తలో ఊదగడ్డి ఎలా ఉంటుంది?"

"అచ్చం వరే. ముదిరితే గానీ దొరకదు, దొంగముండ."

"ఎందుకలా ఉంది?"

నరసమ్మకు కోపం వచ్చింది. "నాకేటి ఎరిక? అది దాని జాతి."

"వరికి వేరుగా కనబడిన ఊదను మీరేం చేస్తారు?"

"పీకీసి గట్టు మీద పారేత్తాం."

"వరిలా ఉన్నది?"

"కంట పడదు గదే. ఉండిపోతాది."

"ఉండిపోయి గింజ రాలుస్తుంది. మరుసటి ఏడు ఆ గింజే మొలుస్తుంది. మీ అమ్మ, వాళ్ళమ్మ, వాళ్ళ ముందువాళ్ళు అందరూ ఇలాగే పీకారు. ఊదని వరిలా చెయ్యాలని మీలో ఎవరైనా అనుకున్నారా?"

వెనక నుంచి ఒక ఆడకూలీ, "అయితే బాగా కలుపు తీసినోళ్ళ సేలోనే బాగా దొంగ ఊద పుడతాదన్నమాట. ఇన్నావా మేస్త్రీ, ఇదంతా నీ సలవే!" అని కేక వేసింది. నరసమ్మ వెనక్కి తిరిగి తిట్టిన తిట్టు ఇక్కడ రాయకూడదు.

సింహాచలం ఊరుకోలేదు. పీకిన చేతులు ఉన్నాయి కదా, చేతులు ఉంటే మనిషి ఉన్నట్టే కదా అని వాదించాడు. పీకింది మనుషులే, ఊద వేషం మాత్రం ఎవరూ అనుకోకుండా తయారైంది, మనుషులు లేని అడవిలో ఎండా వానా కరువూ ఆ పీకే పని చేస్తాయి, వాటికి ఏ ఉద్దేశమూ ఉండదు అని గౌరి చెబుతూనే ఉంది. వాదన ముదిరింది. కొందరు విసుగెత్తి ఇళ్ళకు పోయారు. బఠాణీల చార్టు దగ్గర చూసేవాళ్ళు లేరు. ప్రదర్శన నియమం ప్రకారం గుంపు చివరి చార్టు దాకా విరగకుండా నడవాలి. అధికారి జీపు ఎక్కాడు.

నేను గుంజలు పీకుతుంటే నరసమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. గౌరి దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది: "అయితే గుంటా, ఎవులూ అనుకోకండానే ఇయన్నీ ఇలాగైపోతాయేటి?"

"అవునత్తా."

"మరి బయమేత్తాది కదే." ఆ మాట అని, కొంగు బిగించుకుని, ఒక్కతే గట్టు మీదుగా వెళ్ళిపోయింది. బండి మీద ఉన్నన్నాళ్ళూ ఆ చార్టుల విషయం ఇంతలా మనసుకు ఎక్కినట్టు కనబడిన మనిషి ఇంకొకరు నాకు తగల్లేదు.

గౌరి ఒప్పందం పొడిగించలేదు. ప్రేక్షకుల అంగీకారం దొరికాక ఆమే పాడుచేసింది అని కారణం రాశారు. ఆమె రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో తక్కువ జీతానికి చేరింది. కొత్తగా వచ్చిన కుర్రాడు 'పైన ఏరిక, కింద ఏరిక' అని చెప్పి ప్రతి ఊళ్ళోనూ చప్పట్లు కొట్టించుకున్నాడు. అతనికి పొడిగింపు వచ్చింది.

2016లో పదవీ విరమణ చేసేదాకా కొత్త ఎక్స్‌ప్లెయినర్లు వస్తే నేను ఒక్క విషయం చెప్పేవాణ్ణి. జనం అంతా ఒక్కసారి తల ఊపితే, మీరు చెప్పింది వాళ్ళకు చేరిందని అనుకోకండి. వాళ్ళకు ముందే తెలిసినది వాళ్ళకు మళ్ళీ వినబడి ఉంటుంది. ఎవరైనా ఇబ్బందిగా నిలబడిపోతే ఆ మనిషి దగ్గరకు వెళ్ళండి. అలా వెళితే ఉద్యోగం నిలుస్తుందని మాత్రం నేను చెప్పలేను. నేను చూసిన ఆ ఒక్కసారి నిలవలేదు.