మీ మామ యాడ నవ్వినాడు?

మొన్న పిన్నమ్మ మనవరాలికి పేరు పెడుతున్నారంటే హిందూపురంలో ధర్మవరం బండి ఎక్కాను. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్ల చెవులకు ఏవో తగిలించుకుని ఫోనులో వింటూ వింటూ, ఉన్నట్టుండి పెదవి బిగబట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఏమిటమ్మా అంత నవ్వు అని అడిగితే, హత్యల కథ ఆంటీ, మనుషులు చస్తుంటారు గానీ నవ్వాగదు అని సిగ్గుపడుతూ చెప్పి, మళ్ళీ తన లోకంలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం పెనుకొండ వచ్చేదాకా కిటికీలోంచి కొండను చూస్తూ, తొంభైల నడుమ ఇదే దారిలో నేను చదివి నవ్విన నవల ఒకదాన్ని తలచుకుంటూ ఉండిపోయాను.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ధర్మవరంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. పొద్దున ప్యాసింజరులో పోయి సాయంత్రం ప్యాసింజరులో హిందూపురం తిరిగొచ్చేదాన్ని. మా కాలం వాళ్ళకు ఆ బండి ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. చెక్కబల్లలు, కాళ్ళ దగ్గర పాల క్యాన్లు, కాగితం పొట్లాల్లో చెనిక్కాయలు, ఎక్కడ నిలిపారో ఎందుకు నిలిపారో తెలియని నిలుపుదలలు. ఆ బండిలో రోజూ పెనుకొండ దగ్గర మా మేనమామ ఎక్కేవాడు. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో గుమాస్తాగా ఉండేవాడు. నా పెట్టెలోకే ఎక్కి, నన్ను చూసి, చూడనట్టు అవతలి చివరన వీపు చూపించి కూర్చునేవాడు. నేనూ పలకరించేదాన్ని కాదు. పలకరించకూడదని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది.

దానికి కారణం చెప్పాలి. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు కొత్తచెరువులో మా బంధువుల పెండ్లి జరిగింది. వడ్డన బాధ్యత మా మామది. పెండ్లికొడుకు వాళ్ళకని ఉంచిన బంతిలో మా నాయన తెలియక కూర్చున్నాడు. మామ వయసు వేడిలో, పని తొందరలో, నాయన చెయ్యి పట్టుకుని విస్తరి ముందునుంచి లేపేశాడు. అంతమందిలో అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపడం మా వైపు చిన్న విషయం కాదు. ఆ సాయంత్రమే నాయన షామియానా గుంజ ఒకటి పెరికి మామను కొట్టాడు. మోచెయ్యి విరిగింది, వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో మళ్ళీ మడక పట్టి దున్నలేక మామ తన చేనును గుత్తకిచ్చి, సొంత భూమి ఉన్నవాడై ఉండీ అంగట్లో చీరలు మడిచే పనికి కుదిరాడు.

పెద్దలు కేసు లేకుండా రాజీ చేశారు గానీ మనసులను రాజీ చేయలేకపోయారు. నా చెయ్యి విరిచిన చెయ్యి తెగేదాకా నాకు పండగ లేదని మామ ఆసుపత్రి మంచం మీదే అన్నాడట. వాళ్ళింట్లో నీళ్ళు ముట్టితే నేను మనిషినే కాదని నాయన అన్నాడు. ఆ రోజుల్లో మా సీమలో ఇలాంటి మాటలను ఉత్త మాటలని ఎవరూ కొట్టిపారేసేవారు కాదు. ఏ ఊళ్ళో ఏం జరిగిందో రోజూ పత్రికలో చూసేవాళ్ళం కదా. అమ్మ అప్పటినుంచి పుట్టింటి గడప తొక్కలేదు. నాయన చేనునుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, పొయ్యి మీది కూర మాడిపోతున్నా వదిలేసి వాకిట్లో నిలబడేది.

ఇక నవల సంగతి. హిందూపురం బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల అంగట్లో, చిరిగినవాటిని అమ్మేస్తుంటే కొన్నానది. అట్ట చిరిగి, మొదటి పుటలు పోయి ఉండడంతో దాని పేరేమిటో, రాసినవారెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఒక ముసలామె తన భర్త చావుకు పగ తీర్చుకోవాలని ముగ్గురు కొడుకులను శత్రువు మీదికి ఒకరి తర్వాత ఒకరిని పంపుతుంది. పెద్దవాడు శత్రువు పాలలో విషం కలపబోతే, అది ఒలికి, తాను బండికి కట్టుకుపోయిన ఎద్దే నాకి చస్తుంది. నడిపివాడు కత్తి నడుముకు దోపుకుని పోయేసరికి అక్కడ పెండ్లి జరుగుతుంటుంది, చుట్టమనుకుని వాళ్ళు చెయ్యి పట్టి బంతిలో కూర్చోబెడతారు. చివరికి శత్రువు మామిడి టెంక గొంతుకడ్డుపడి తనంతట తానే పోతాడు. తమ చేతిలో చావకుండా పోతే వంశం పరువేం కావాలని ముగ్గురు కొడుకులూ పోలీసుస్టేషన్‌కు పోయి నేను చంపానంటే నేను చంపానని కొట్టుకుంటారు. వాళ్ళ వెనకాలే ముసలామె వచ్చి, వీళ్ళకంత చేతనవునా, చంపింది నేను అంటుంది.

నేను చదువుతూ చదువుతూ బండిలో పైకే నవ్వేసేదాన్ని. చెనిక్కాయలు అమ్మే ఆమె ఒకరోజు గంప దించి నా ముందు కూలబడి, "ఒక్కదానివే నవ్వుకుంటే ఎట్లమ్మా, మాకూ చదువు," అంది. అలా మొదలైంది. బడిలో పాఠం చెప్పే గొంతుతో చదివేదాన్ని. గుమాస్తాలు, కచేరీ ఉద్యోగులు, చంటిబిడ్డల తల్లులు చుట్టూ చేరేవారు. పగలూ ప్రతీకారాలూ వినగానే బిగుసుకుపోయే మా వాళ్ళే ఆ ఎద్దు చచ్చినప్పుడు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. మామ అవతలి చివరనే ఉన్నాడు. కానీ రోజురోజుకూ ఆయన వీపు కాస్త కాస్త ఇటు తిరగడం, ఒక్కో బల్ల దగ్గరికి జరగడం నేను ఓరకంట గమనిస్తూనే ఉన్నాను. ఆయన జరిగినకొద్దీ నేనూ గొంతు పెంచి చదివేదాన్ని.

తర్వాత నాకు జ్వరం వచ్చి రెండు మూడు రోజులు బడికి పోలేదు. మళ్ళీ ఎక్కిన పొద్దున, పెనుకొండలో బండి ఆగీ ఆగకముందే మామ వచ్చి నేరుగా నా ముందు నిలబడ్డాడు.

"ఆ నడిపోడు బంతిలో కూకున్నాడు గదా పాపా," అన్నాడు. "పొడిచినాడా, తినేసి వచ్చేసినాడా?"

అన్నేళ్ళ తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. నవ్వాలో ఏడవాలో తెలియక, తిని తాంబూలం గూడా తీసుకొచ్చినాడు మామా అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నా పక్కనే కూర్చున్నాడు. ఒట్టు తప్పినందుకు భయపడుతూనే ఆ సాయంత్రం అమ్మతో చెప్పేశాను. అమ్మ కోప్పడలేదు. వాడు చిక్కినాడా, తల నెరిసిందా అని మాత్రం అడిగింది.

ఆ నెలలోనే పెనుకొండలో మా అమ్మను కన్న అవ్వ జారిపడి మంచం పట్టింది. మామే బండిలో చెప్పాడు. అమ్మ ఆ మాట విని దొడ్లోకి పోయి తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది. నాయన అది చూశాడు. వాకిట్లో కుర్చీలో నేను పెట్టి మరచిన నవల తీసి అక్కడక్కడా తిరగేశాడు. పంచాంగం తప్ప పుస్తకం పట్టని మనిషి, మరునాడు మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. ముసలామె పోలీసుస్టేషన్‌కు పోయే చోటికి వచ్చేసరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చేంతగా నవ్వాడు. నవ్వు తగ్గాక నన్ను పిలిచాడు.

"మీ మామ చదివినాడా ఇది?"

బండిలో నాతో మాట్లాడుతున్నాడని నాయనకెప్పుడో తెలుసని అప్పుడర్థమైంది. విన్నాడు అన్నాను.

"యాడ నవ్వినాడు?"

ఆ ప్రశ్నను మరునాడు యథాతథంగా మామకు చేరవేశాను. మీ నాయన అడిగినాడా, నిజంగానే అడిగినాడా అని ఆయన పదేపదే అడిగాడు. తర్వాత వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దిగబోయే ముందు అన్నాడు: "సంపేదానికి వచ్చినోన్ని గూడా బంతిలో కూకోబెట్టి మారు నెయ్యేసినారు పాపా ఆ కతలో. ఆడ నవ్వితి. నేను తినేదానికొచ్చిన బావను లేపితిని."

ఆ మాట నాయనకు చెప్పాను. ఆయన, అదే అన్నాడా అని ఒక్కసారి అడిగి, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆదివారం పొద్దున అమ్మను పిలిచి, చీర మార్చుకో, పెనుకొండకు పోదాం అన్నాడు. అమ్మ ముఖం పాలిపోయింది. తగువుకా, చూడ్డానికా అని అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు. పెనుకొండలో దిగాక ఆయనే ముందు నడిచాడు. మేం వీధి మలుపు తిరిగేసరికి మామ ఇంటి ముందు బోరింగు కొడుతున్నాడు, మంచి చేత్తోనే, ఆగి ఆగి. నాయన నేరుగా పోయి ఆయన చేతిలోంచి కాడ అందుకున్నాడు. మామ ఒక అడుగు వెనక్కు వేశాడు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. నాయన బోరింగు కొట్టడం మొదలుపెట్టాడు. బిందె నిండింది, పొర్లింది, ఆయన కొడుతూనే ఉన్నాడు.

"బిందె నిండింది బావా," అన్నాడు మామ మెల్లగా.

నాయన కాడ వదిలి, మామ వంకర మోచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, పసిబిడ్డను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "నొస్తాదా?" అన్నాడు. "చలికాలంలో," అన్నాడు మామ. అంతే, ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారు.

లోపల అత్త చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి అందరికీ నాయన ఒట్టు గుర్తొచ్చి ఊపిరి బిగబట్టాం. నాయన చెంబు వైపు చూసి, "నీళ్ళు ముట్టనంటి. మజ్జిగ ముట్టనని యాడా అనలేదు, ఉంటే ఇయ్యమ్మా," అన్నాడు. మంచం మీదనుంచి అవ్వ నవ్వుతూ, ఏడుస్తూ, ఇద్దరినీ తిట్టింది. మధ్యాహ్నం మామే విస్తరి వేసి నాయనను కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నాడు. అమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ మాటిమాటికీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ వానాకాలానికి మామ గుత్త మాన్పించాడు, నాయన తన ఎద్దులను పెనుకొండకు తోలుకుపోయి మామ చేను విత్తి వచ్చాడు. ఆ తర్వాత ఓపిక ఉన్నన్నాళ్ళూ ఏటా విత్తాడు. మామ అంగడి పని మానలేదు, అలవాటైపోయింది అనేవాడు. కానీ పంట ఇంటికొచ్చే రోజు సెలవు పెట్టేవాడు. అవ్వ కోలుకుని ఇంకొన్నేళ్ళు బతికింది, ఆ నవలను మామ చేత ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు. రెండువేల సంవత్సరం తర్వాత నాయన పోయినప్పుడు మా ఇంటి మగపని అంతా మామే ముందుండి చూసుకున్నాడు.

ఒక నవల వల్ల పగలు పోతాయని నేను అనను. వాళ్ళిద్దరికీ అప్పటికే లోపల అలసట వచ్చి ఉంటుంది. అలసిపోయామని ఒప్పుకోవడానికి ఎవరికీ దారి దొరకలేదు, అంతే. ఇప్పుడు మా పిల్లల తరం చేతులు విరుచుకోవడం లేదు, అది నిజంగా సంతోషించవలసిన సంగతే. కోపమొస్తే ఫోనులో కుటుంబం గ్రూపులోంచి తప్పుకుంటారు, చప్పుడుండదు, ఎప్పుడు దూరమయ్యారో పెద్దలకు కూడా తెలియదు. పగబట్టిన మనిషైనా రోజూ నా పెట్టెలోకే ఎక్కేవాడు కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. మా అబ్బాయికీ మా చెల్లెలి కొడుక్కీ ఏడాదిగా మాటల్లేవు. ఇద్దరూ మంచి పిల్లలే. వచ్చే నెల ఇద్దరినీ మా ఇంటికి రమ్మన్నాను. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. చిన్నప్పుడు ఇద్దరికీ ఇష్టమైన బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేస్తాను, ఆ పైన వాళ్ళ ఇష్టం.