మెడ మీద ఎర్ర వెలుగు

సెల్‌ఫోన్లు ఇంటింటికీ వస్తున్న రోజుల్లో నేను బాపట్లలో ఒక ప్రయోగశాలలో జామకాయల మీద పరిశోధన చేసేదాన్ని. చీకటి గదిలో కాయ మీద ఎర్రటి లేజర్ వెలుగు పరిచి, పక్కన స్పీకర్ మోగిస్తే, ఆ మోతకు కాయ తోలు కంటికి ఆననంతగా అదురుతుంది. కెమెరా ఆ అదురును పట్టి కంప్యూటర్ తెర మీద చూపిస్తుంది. మెత్తగా ఉన్నచోట వెలుగు చుక్కలు చీమల్లా కదులుతాయి, గట్టిగా ఉన్నచోట కదలవు. కాయను నొక్కక్కర్లేదు, కోయక్కర్లేదు.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే యంత్రం నా దగ్గరుందని రేపల్లెలో మా అమ్మ గొప్పలు పోయింది. ఆ మాట తెనాలిలో మా పెద్దమ్మ చెవిన పడింది. ఆవిడ మెడలో గడ్డ లేచి చాలా రోజులైంది. గడ్డను కదిలిస్తే పాకుతుందని ఆవిడ నమ్మకం. డాక్టర్ని కాదు కదా, మమ్మల్ని కూడా వేలు పెట్టనిచ్చేది కాదు. ఏ పక్కన ఉందో కూడా చూపించలేదు, ఒట్టి మొండిఘటం. ఒక మధ్యాహ్నం మెడ చుట్టూ కొంగు కప్పుకుని, చెప్పాపెట్టకుండా రైలెక్కి బాపట్ల వచ్చేసింది.

"ముట్టుకోకుండానే చూసిద్దంటగా. చూడవే. ఏం లేదంటే నా మానాన నేను పోతా."

"ఇది జామకాయలకి పెద్దమ్మా."

"నన్నూ జామకాయే అనుకో."

నవ్వొచ్చింది, భయమూ వేసింది. లేజర్ పడకుండా ఆవిడ కళ్లకు నల్లగుడ్డ కట్టి, తలుపు మూసి, కెమెరా స్టాండు ఉన్న వైపు కొంగు కాస్త జరిపి స్పీకర్ మోగించాను. బతికున్న ఒళ్లు కదా, చుక్కలు కాయ మీద కన్నా ఎక్కువగా ముసిరాయి. వాటి మధ్య రేగుపండంత మేర మాత్రం ఏ కదలికా లేదు. మోత పెంచాను. అయినా అది అలాగే, మమ్మల్నే చూస్తున్నట్టు ఉంది.

మనిషి విషయంలో ఆ యంత్రం నిజమే చెబుతుందని ఒట్టు పెట్టలేను. లేదని చెబితే మాత్రం ఆవిడ ఇక డాక్టర్ గుమ్మం తొక్కదు.

"ఉంది పెద్దమ్మా. కుడిపక్క, దవడ కింద."

ఆవిడ గుడ్డ విప్పుకుంది. కొంగు పూర్తిగా తీసి ఎడమపక్క చూపించింది. ఉసిరికాయంత గడ్డ అక్కడుంది.

"నా గడ్డ ఇటుపక్క కదే," అంది. "ఎవరూ ముట్టుకోకుండానే పాకిందా?"

సాయంత్రం ఇద్దరం తెనాలిలో రైలు దిగాక ఆసుపత్రికి రిక్షా ఆవిడే మాట్లాడింది. దారి పొడుగునా నా చేతిని తన మెడకు అదిమి పెట్టుకుని కూర్చుంది.