జానవే కాదు, జెనీవా

బోథ్ దగ్గరి ఆ ఊళ్లో నాలుగో తరగతి దాటినవాళ్లే తక్కువ. అందులో యుద్ధానికి పోయి వచ్చినవాడు మిలిట్రీ అంకయ్య ఒక్కడే. డెబ్భై ఒకటి లడాయిలో తూర్పు సరిహద్దున వంటబండి నడిపాడు. పట్టుబడ్డ శత్రు సైనికులకు తన చేత్తో పప్పు వడ్డించాడు. వాళ్లలో ఒకడు మారు అడిగి మరీ పోయించుకున్నాడన్నది ఆయనకు పతకం కంటే పెద్ద సంగతి. వీటన్నిటితో పాటు సుబేదారు దగ్గర ఒక చట్టం కూడా నేర్చుకొచ్చాడు.

డెబ్భై మూడు ఎండాకాలంలో ఆ చట్టంతో పనిపడింది. కాలువ నీళ్ల తగాదాలో లింగారావు పటేల్ జీతగాడిని సారయ్య కొట్టి పరారయ్యాడు. పటేల్ మనుషులను వెంటేసుకుని, కర్రలతో సారయ్య ఇంటి మీదికి వచ్చాడు. ఇంట్లో ఉన్నది ముసలితల్లి ఐలవ్వ ఒక్కతే. కొడుకు దొరక్కపోతే తల్లినే బయటికి గుంజుతామని కేకలు.

పక్కింటి అంకయ్య ఖాకీ చొక్కా తొడిగి, అంత తొందరలోనూ గుండీలన్నీ పెట్టుకునే వచ్చి గడపకు అడ్డం నిలబడ్డాడు.

“ఐలవ్వ లడాయిల లేదు పటేలా. లడాయిల లేనోళ్ల మీద చెయ్యేస్తె జెనీవా చట్టం పడుతది.”

“జానవే చట్టమా?” అన్నాడు పటేల్. మరాఠీ కలిసిన ఆ పక్క మాటల్లో జానవే అంటే జంధ్యం. “గది బాపనయ్యలకురా. ఐలవ్వ మెడల ఏడున్నది?”

గుంపు నవ్వింది. యుద్ధంలో కూడా అంకయ్యకు అంత చెమట పట్టలేదు. జెనీవా అంటే ఊరి పేరన్నాడు. ఏ తాలూకా అని వెనకనుంచి ఎవరో అడిగారు. తాలూకా ఏదైనా, అక్కడ రాసుకున్న ఒప్పందాన్ని అరవైలో మన దేశమే చట్టం చేసుకుందని, గాయపడ్డవాళ్లను, పట్టుబడ్డవాళ్లను, ఆయుధం పట్టని జనాన్ని కావాలని చంపితే ఉరి లేదా యావజ్జీవమని, చిత్రహింస పెడితే పద్నాలుగేళ్ల దాకా జైలని చెప్పాడు.

“రామునికి వనవాసం వడ్డట్టు,” అన్నాడొకడు మెల్లగా.

“గది దేశాల లడాయికి. గిది కాలువ లొల్లి,” అన్నాడు పటేల్.

మాట నిజమే. అది అంకయ్యకూ తెలుసు. కానీ వీపు వెనక తలుపు సందులోంచి ఐలవ్వ ఊపిరి వినబడుతోంది. ఆయన సుబేదారు గొంతు తెచ్చుకున్నాడు.

“కట్టె పట్టినంక ఏదైనా లడాయే. చేసెటోళ్లు ఇటు నిలవడుండ్రి, రేపు ఠాణాల మీ పేర్లు నేనే చెప్త. చెయ్యనోళ్లు అటు పోండ్రి.”

ఒకడు నీళ్లు తాగి వస్తానని అటు పోయాడు. ఇంకొకడు తాను అసలు తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ వచ్చానన్నాడు. కర్రలన్నీ మెల్లగా గోడకు ఆనాయి. చివరికి ఇటువైపు పటేల్ ఒక్కడే మిగిలాడు. చేతిలోని కర్రను అప్పుడే చూసినట్టు చూసి, దాని మీద బరువు మోపి నడుం వంచాడు.

“నాదేమున్నదిరా,” అన్నాడు, “మోకాళ్ల నొప్పులకు పట్టుకున్న.”

ఐలవ్వ తలుపు తీసి, పాపం నొప్పులతో నిలబడ్డావు కూర్చోమంటూ పీట వేసింది. పటేల్ కుంటుతూనే పోయి కూర్చున్నాడు.