ఆరున్నొక్క తీగ

నా భార్య సుగుణ చివరి రోజు మామూలుగానే మొదలైంది. ‘ఏడు’ అంటే ఏడుపును పిలిచినట్టని, బియ్యం కొలిచేటప్పుడు ఆమె ఎప్పుడూ ‘ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది’ అనేది. ఆ పొద్దున మాటల్లో పడి ‘ఏడు’ అనేసింది. నాలుక్కరుచుకుని నవ్వింది. సాయంత్రానికి గుండె ఆగిపోయింది.

నేను ఇలాంటివి నమ్మను.

ఈ రోజు మా అమ్మాయి పావనికి ఎలక్ట్రిక్ గిటార్ కొందామని మార్కాపురంలో మస్తాన్ భాయ్ దుకాణానికి వెళ్లాం. ఆయన రెండు తీసి, స్పీకరుకు తగిలించి ముందు పెట్టాడు.

“ఆరు తీగలది తీసుకో పాపా. సినిమా పాటకైనా, చర్చి పాటకైనా అదే సరిపోతది. ఆ ఆరున్నొకటి ఏందికి?”

“ఏడు అనొచ్చు గదా మామా?”

“దీపాలు పెట్టే యాల ఆ మాట అనగాకు తల్లీ. ఎంటబడి ఇంటికొస్తది.”

“నాకు ఏడే కావాల నాయనా,” అంటూ పావని రెండోదానికున్న లావాటి ఏడో తీగను మీటింది. మోత నా ఛాతీలోకి దిగింది. ఆమె అరచేత్తో తీగను ఆపేసినా, గోడకు వేలాడుతున్న గిటార్లు కాసేపు సన్నగా మోగుతూనే ఉన్నాయి. పావని నా ముఖం చూసి నాలుక్కరుచుకుని నవ్వింది. అచ్చం వాళ్లమ్మ నవ్వే.

ఏమీ కొనకుండా ఆమెను ఇంటికి తీసుకొచ్చేశాను. ఎమ్మెస్సీ చదివినవాణ్ని, ఒక అంకెకు జడిశాను. మీ ఇళ్లలో ఇంకా ఎవరైనా ఇట్లా లెక్కపెడుతున్నారా?

రేపు పొద్దున వెళ్లి ఏడు తీగల గిటారే తెస్తాను. పావనిని మాత్రం వెంట తీసుకెళ్లను.